అమ్మ చిగుళ్ళ మీద నా బేరం

మా దుకాణంలో తూకం బాపుది, మాట బాపుది, పన్ను మాత్రం అమ్మది.

చేవెళ్ళలో మాది కిరాణా దుకాణం. షాబాద్ వైపు పల్లెల నుంచి రైతులు కందులు, పెసలు, జొన్నలు తెచ్చి మాకు అమ్మేవాళ్ళు. ఆ చేత్తోనే ఉప్పు, నూనె, బెల్లం కొనుక్కొని పోయేవాళ్ళు. గింజ సరిగ్గా ఎండిందా లేదా అన్నదే కొనేవాడికి అసలు ప్రశ్న. పచ్చి గింజ బస్తాలో పడిందంటే పది రోజుల్లో వేడెక్కి, ముక్కిపోయి, పక్క బస్తాను కూడా చెడగొడుతుంది. అందుకని బాపు రైతుతో వానల గురించి, ఎడ్ల గురించి మాట్లాడుతూ ఉంటే, అమ్మ వెనక పీట మీద కూచొని ఒక్క గింజను కుడివైపు దవడ పళ్ళ మధ్య పెట్టేది. మెల్లగా నొక్కేది. ఎండిన గింజ టక్కున విరుగుతుంది. పచ్చిది అణిగిపోతుంది. ఈ రెండూ ఎవరికైనా తెలుస్తాయి. రెంటికీ మధ్యలో ఉన్న గింజ సంగతి మాత్రం మా ఇంట్లో అమ్మకు తప్ప ఎవరికీ తెలిసేది కాదు.

తెలిసింది రైతు ముందు చెప్పకూడదు కదా. దానికి వాళ్ళిద్దరి మధ్య ఒక ఏర్పాటు ఉండేది. గింజ బాగుంటే అమ్మ, “నీళ్ళు తాగుతవా అన్నా?” అని రైతును అడిగేది. బాగాలేకపోతే అడిగేది కాదు. బాపు దాన్నిబట్టి ధర చెప్పేవాడు.

ఈ రహస్యం చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసునని మాకు ఆలస్యంగా తెలిసింది. ఒకసారి షాబాద్ దగ్గరి నుంచి వచ్చిన ఒక రైతు బస్తా దించకముందే అమ్మ వైపు తిరిగాడు.

“సేటమ్మా, ఇయ్యాల నాకు నీళ్ళున్నయా, లేవా? లేకుంటే ముందే చెప్పు. ఇంకో రెండు దినాలు ఎండబోసుకొని వస్త.”

బాపు ముఖం చూడాల్సింది. అమ్మ మాత్రం నిదానంగా గింజ కొరికి, “రెండు దినాలు ఆగి రా అన్నా. కొత్త కుండ తెప్పిస్తున్న, నీళ్ళు ఇంకా సల్లగుంటయి” అంది. ఆయన నవ్వుకుంటూ బస్తాను మళ్ళీ బండికెత్తుకున్నాడు.

నేను ఆ బస్తాల మధ్యే పెరిగాను. బాపు దగ్గర అమ్మడం నేర్చుకున్నాను, అమ్మ దగ్గర కొనడం. ధర నచ్చకపోతే అమ్మ వాదించదు, ముఖం చిట్లించదు. “మంచిదన్నా, మళ్ల వస్తం” అని లేస్తుంది. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటుంది. అసలు విద్యంతా ఆ చెప్పుల దగ్గరే ఉంది. మొదటి చెప్పు మామూలుగానే తొడుక్కోవాలి. రెండోదాని పట్టీకి ఏ లోపమూ లేకపోయినా వంగి సవరించుకోవాలి. దుమ్ము దులపాలి. కొంగు సర్దుకోవాలి. ఈలోగా లోపలి నుంచి, “అక్కా, జర ఆగు!” అని వినిపిస్తుంది. ఆ పూట వినిపించకపోతే మర్నాడు దారిలో కనబడ్డప్పుడు వినిపిస్తుంది.

“ఒకవేళ పిలువకపోతే?” అని చిన్నప్పుడు అడిగాను.

“ఎందుకు పిలువడు? సరుకు వాని దగ్గరున్నది. పాతబడేది వాని సరుకు. మనదేం పాతబడుతున్నది?” అంది అమ్మ.

నలభై ఏళ్ళు వచ్చేదాకా ఈ మాట తప్పయిన సందర్భం నాకు ఎదురుకాలేదు.

పెళ్ళయ్యాక మొయినాబాద్ వచ్చాను. రోడ్డు పక్కన మా ఆయనకు స్టీలు సామాన్ల దుకాణం. పేరుకు ఆయనది, కూచునేది నేను. అప్పటికే గచ్చిబౌలి వైపు అద్దాల మేడలు లేస్తున్నాయి. చూస్తుండగానే ఆ డబ్బు మా రోడ్డు మీదికి పారింది. జొన్నచేలలో ప్లాట్ల హద్దురాళ్ళు మొలిచాయి. మోకిల వైపు విల్లాలు, మా వైపు ఫామ్‌హౌసులు. శని, ఆదివారాలు కార్ల వరుస. మెడలో కంపెనీ కార్డు తీయడం కూడా మరిచిపోయి దుకాణంలోకి వచ్చేవాళ్ళు, “ఇది పాతకాలందేనా అండీ?” అని అడిగేవాళ్ళు. ఆ రోజుల్లో మా రోడ్డు మీద కొబ్బరిబొండాం నుంచి ఎకరం భూమి దాకా ప్రతిదానికీ రెండు ధరలు. ఒకటి సాఫ్ట్‌వేర్ ధర, ఇంకొకటి మనోళ్ళ ధర. నేను దీనికి అతీతురాలినేం కాదు. మూడేళ్ళుగా అమ్ముడుపోక మూలన పడి నల్లబడిన ఒక ఇత్తడి చెంబును, మా తాతమ్మ కాలంనాటిదని చెప్పి ఒక జంటకు అంటగట్టిన ఘనత నాది. వాళ్ళు దానితో ఫొటో కూడా దిగారు. అట్లా ఉండేసరికి, ఎవరు ఏ ధర చెప్పినా ముందు నాకు వచ్చే అనుమానం ఒక్కటే: ఇది రెండింట్లో ఏ ధర?

ఆ కాలంలోనే అమ్మ చిగుళ్ళ నుంచి నెత్తురు రావడం మొదలైంది. పొద్దున పళ్ళు తోముకొని ఉమ్మితే ఎర్రగా కనబడేది. “వేడి చేసింది” అని మజ్జిగ తాగేది. చిగురు ఉబ్బితే ఉప్పునీళ్ళు పుక్కిలించేది. లవంగం పెట్టుకునేది. నొప్పి పెద్దగా లేదు, అదే మోసం చేసింది. పళ్ళు మునుపటికన్నా పొడుగ్గా కనిపించేవి. “ఈ వయసుల నీకు పళ్ళు పెరుగుతున్నయే అమ్మా” అని నేను నవ్వాను కూడా. పెరిగింది పళ్ళు కాదు, చిగుళ్ళు జారిపోయాయని నాకు తెలియదు. తెలిసే అవకాశం ఉన్నా అప్పుడు నవ్వడమే సులువుగా ఉంది.

గింజను కుడివైపు నుంచి ఎడమకు మార్చిందట. ఎడమ నుంచి ముందు పళ్ళకు. ఎవరికీ చెప్పలేదు. ఒక ఏడు కందుల కాలంలో అమ్మ ఒక రైతుకు నీళ్ళిచ్చింది. బాపు మంచి ధర కట్టాడు. పది రోజులకు ఆ బస్తాల్లో చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. అమ్మ ఇచ్చిన నీళ్ళు తప్పడం అదే మొదలు. బాపు ఒక్క మాట అనలేదు. అనకపోవడమే అమ్మకు కష్టమైంది. ఆ వారం నేను చేవెళ్ళ వెళ్ళేసరికి పీట ఖాళీగా ఉంది. అమ్మ వెనకింట్లో ఏ పనీ లేకుండా కూచొని ఉంది.

“ఏమైందే అమ్మా?”

“పన్ను కదులుతున్నది బిడ్డా. నొక్కితే గింజ అణిగిందో పన్ను అణిగిందో ఎర్కైతలేదు.” కొంగుతో నోరు తుడుచుకొని, “మీ బాపు తేమ చూసే మిషన్ కొంటడట. పట్నంల దొరుకుతదట” అంది.

మంచిదే కదా అనబోయి ఆగిపోయాను. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆ దుకాణంలో అమ్మకంటూ ఉన్న చోటు ఆ పీట ఒక్కటే. పళ్ళు పోతే ఆ చోటు పోతుంది.

“మొయినాబాద్‌ల కొత్తగ పళ్ళ దవాఖాన పెట్టిన్రు. పోదాం పా. నీ పళ్ళు ఎట్ల నిలువయో నేను చూస్త” అన్నాను.

ఆ దవాఖాన ఒక కొత్త కాంప్లెక్సు మొదటి అంతస్తులో ఉంది. ఏసీ, తెల్ల సోఫాలు, చేప తొట్టి. మాకన్నా ముందు కూచున్న ఇద్దరి మెడల్లోనూ కంపెనీ కార్డులు. నా మనసులో అప్పుడే ఒక లెక్క ఖాయమైపోయింది. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, నెమ్మదస్తురాలు. అమ్మకు ఎక్స్‌రే తీసి, పడుకోబెట్టి, సన్నని పుల్లలాంటి పరికరాన్ని ఒక్కో పన్ను చుట్టూ చిగురులోకి దించి, “నాలుగు… ఆరు… ఏడు… ఆరు…” అని చెబుతుంటే పక్కన నర్సమ్మ రాసుకుంటోంది.

అమ్మ నోరు తెరిచే ఉన్నా కళ్ళు నా వైపు తిప్పింది. పుల్ల తీయగానే అడిగిన మొదటి ప్రశ్న, “బిడ్డా, పాట పాడుతున్నరా? ఏడు కాడికి పోయింది!”

అది మార్కెట్ యార్డులో వేలంపాట కాదని, చిగురుకూ పన్నుకూ మధ్య సందు ఎంత లోతుందో మిల్లీమీటర్లలో చెబుతున్నారని డాక్టరమ్మ వివరించింది. మూడు దాకా ఉంటే ఫరవాలేదట. ఆ సందుల్లో పేరుకున్న గారను లోపలిదాకా తీయాలని, నోటిని నాలుగు భాగాలు చేసి నాలుగు సార్లు పిలుస్తానని, ఆ తర్వాత మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలని అంది. ధర చెప్పింది.

నా లోపలి దుకాణం తెరుచుకుంది.

“మేడమ్, మేం సాఫ్ట్‌వేరోల్లం కాదు. ఇక్కడోల్లమే.”

“ఇది చిగుళ్ళను చూసి చెప్పిందండీ, మనుషుల్ని చూసి కాదు.”

“నాలుగు భాగాలూ ఒక్కసారి చేయిస్తే తగ్గిస్తరా?”

“ఒక్కసారి చేస్తే అమ్మగారు తట్టుకోలేరు.”

“పోనీ కుడి దిక్కు ఒక్కటే చెయ్యండి. మా అమ్మకు పనికొచ్చేది అదే.”

డాక్టరమ్మ నా ముఖంలోకి చూసింది, నేను హాస్యమాడుతున్నానా అని. “ఆలస్యం చేయకండి. ఇప్పుడు కదులుతున్నవి రెండే. ఎముక ఇంకా కొంత ఉంది” అంది.

ఆ చివరి మాటను నేను విన్నాను. కానీ, ఈ ఒక్క ముక్కే మిగిలిందక్కా, సాయంత్రానికి ఉండదు అని చీరల దుకాణంవాడు చెప్పే మాటలాగా విన్నాను. అమ్మే ప్రతివాడూ తొందరపెడతాడు. లేచి నిలబడి, “మంచిది మేడమ్, మళ్ల వస్తం” అన్నాను.

అమ్మకు అర్థమైంది. గుమ్మం దగ్గర ఇద్దరం చెప్పులు తొడుక్కున్నాం. నేను రెండో చెప్పు పట్టీ సవరించాను. అమ్మ నన్ను మించిపోయి, గోడ పట్టుకొని, మోకాళ్ళ నొప్పి నటిస్తూ నిమిషంసేపు నిలబడింది. లోపలి నుంచి నర్సమ్మ, “నెక్స్ట్ ఎవరండీ?” అంది. ఆ ‘నెక్స్ట్’ మేం కాదు. మెట్లు దిగుతూ అమ్మ ఒకసారి వెనక్కి చూసింది.

“పిలువలేదే?”

“రేపు ఫోన్ చేస్తది. కాయితం మీద నంబరు రాసిచ్చిన గద.”

“గట్లనా” అంది అమ్మ. ఆమె నేర్పిన విద్యే కాబట్టి నమ్మింది.

అప్పుడు కందుల కాలం. డాక్టరమ్మ ఇచ్చిన కార్డు నా గల్లాపెట్టెలో పైనే ఉండేది. రోజూ పెట్టె తీసినప్పుడు కనబడేది. ముందు నేను ఫోన్ చేస్తే ధర దిగదని చేయలేదు. వారానికోసారి అమ్మ అడిగేది, “ఆ డాక్టరమ్మ ఫోన్ చేసిందా?”

“ఆగే అమ్మా. కొత్త దవాఖాన, కిరాయి కట్టాలె, ఏసీ కరెంటు బిల్లు కట్టాలె. ఎంత దినం ఆగుతది?”

ఎండాకాలం పోయింది. వానలు పడ్డాయి. అమ్మ అడగడం నెలకోసారైంది. తర్వాత మానేసింది. ఆ దవాఖాన కిందనుంచి పోయినప్పుడల్లా నేను పైకి చూసేదాన్ని, ఖాళీగా ఉందేమోనని. ఉండేది కాదు. అయినా నా ధీమా తగ్గలేదు. ఫోన్ వస్తే ఏ ధర దగ్గర ఒప్పుకోవాలో కూడా మనసులో అనుకొని పెట్టుకున్నాను. నన్ను నేను తెలివిగలదాన్ని అనుకుంటూ గడిపిన నెలలు అవి. వాటిని ఎక్కడైనా తిరిగి ఇచ్చేసే వీలుంటే ఏ ధరకైనా ఇచ్చేస్తాను.

మక్కజొన్నలు ఆరబోసే రోజుల్లో ఒక పొద్దున జొన్నరొట్టె తుంచి నోట్లో పెట్టుకుంటే, అమ్మ కుడివైపు దవడ పన్ను ఊడి రొట్టెలోకి వచ్చింది. పెద్దగా నెత్తురు కూడా రాలేదట. దాన్ని కడిగి, పొట్లం కట్టే కాగితంలో చుట్టి, బాపుకు చూపించకుండా నాకు ఫోన్ చేసింది. “నువ్వు బేరం గీరం చెయ్యకు బిడ్డా. ఆమె చెప్పిందే ఇద్దాం పా” అంది.

డాక్టరమ్మ మళ్ళీ ఎక్స్‌రే తీసింది. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టింది. నాకు చదవడం రాకపోయినా తేడా తెలిసింది. పళ్ళ మొదళ్ళ చుట్టూ తెల్లగా ఉండాల్సిన గట్టు చాలా కిందికి తరిగిపోయింది. వానకు కోసుకుపోయిన పొలం గట్టులా ఉంది.

“ఇన్ని రోజులు ఎందుకు రాలేదండీ?”

“మీరు పిలుస్తరనుకున్నం మేడమ్.”

“నేను పిలవడమేంటి? ఎందుకు?”

అమ్మ నా మోచెయ్యి గిల్లింది. అంత చదువుకున్న మనిషికి చెప్పుల సంగతి ఎట్లా చెప్పాలో నాకు తోచలేదు.

“నేను దినాం తోముకుంటనే ఉన్న గదమ్మా. గిట్లెందుకైంది?” అని అమ్మ అడిగింది.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కొని చెప్పింది. గార, దాంట్లో పెరిగే క్రిములు ఒక కారణమట. వాటికి వయసు తోడవుతుందట. “వయసు మళ్ళేకొద్దీ చిగురులోనూ, పన్నును ఎముకకు పట్టి ఉంచే సన్నని నారల్లోనూ కొన్ని కణాలు ముసలివైపోతాయమ్మా. కొత్త కణాల్ని పుట్టించవు, పని సరిగ్గా చేయవు. అలాగని చచ్చిపోవు. అక్కడే ఉండి, ఏదో ప్రమాదం వచ్చినట్టు చుట్టూ రసాయనాలు వదులుతూ ఉంటాయి. వాటిని నమ్మి ఒంట్లోని రక్షణ కణాలు పరిగెత్తుకొస్తాయి. వాపు వస్తుంది, అది తగ్గదు. తగ్గని వాపు ఎముకను కరిగిస్తుంది. పక్కనున్న మంచి కణాలు కూడా వీటి వల్ల ముసలివవుతాయి. చిన్న వయసులో ఒళ్ళు ఇలాంటివాటిని ఎప్పటికప్పుడు ఏరిపారేస్తుంది. తర్వాత ఆ ఏరడం కూడా మందగిస్తుంది.”

అమ్మ అందుకుంది. “కొనడు, పోడు. పొద్దుగాల్నే వచ్చి దుకాణం మెట్ల మీద కూసుంటడు. లోకమంత పాడైందని ఒర్రుతుంటడు. వాని ఒర్లుడుకు వచ్చిన గిరాకీ వాపసు పోతది. పక్కకు కూసున్నోడు సుత గట్లనే తయారైతడు. గసొంటోళ్ళన్నమాట.”

“అచ్చం అంతే” అని డాక్టరమ్మ నవ్వింది.

“మరి వాన్ని లేపి ఎల్లగొట్టే మందు లేదా?”

“అలాంటి మందుల కోసం వెతుకుతున్నారమ్మా. ఇంకా నా దాకా రాలేదు. గార తీసి, క్రిముల్ని తగ్గించి, వాపు పెరగకుండా చూడటమే నేను చేయగలిగింది. మూడు నెలలకోసారి రమ్మన్నది అందుకే.”

“అప్పుడే మొదలుపెడితే నిలిచేవా?” అన్నాను నేను.

“అన్నీ నిలిచేవని చెప్పలేను. కొన్ని నిలిచేవి.”

“ఎన్ని?”

నోరు జారాక గానీ నాకు సిగ్గు కలగలేదు. అక్కడ కూడా అంకె అడిగాను. డాక్టరమ్మ ఎక్స్‌రేలను కవరులో పెట్టింది.

పాతబడేది వాని సరుకు, మనదేం పాతబడుతున్నది అని అమ్మ నేర్పింది. నేను ఫోన్ కోసం కాచుకొని కూచున్న ఆ నెలలన్నీ పాతబడింది మాదే. అమ్మ నోట్లోనే, మెట్ల మీద ఆ ఒర్రేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కూచుంటుంటే, ఆ డాక్టరమ్మ ఏసీ బిల్లు గురించి నేను లెక్కలు వేసుకుంటున్నాను. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. బాపు ఆ రోజు అనకపోతే ఆమెకు ఎట్లా ఉండిందో నాకు అప్పుడు తెలిసింది.

కుడివైపు పళ్ళన్నీ తీసేయాల్సి వచ్చింది. ఎడమవైపు సగం. ముందరివి నాలుగు మాత్రం డాక్టరమ్మ ఎంతో ఓపికగా కాపాడింది. మిగతా చోట కట్టుడు పళ్ళు. ధర చెప్పినప్పుడు నేను తల ఊపాను. బయటికి వచ్చాక అమ్మ, “ఏందే, నోరు పడిపోయిందా?” అంది. చెప్పులు గబగబా తొడుక్కుని మెట్లు దిగాను.

కొత్త పళ్ళు పెట్టించుకున్న వారానికి అమ్మ పీట మీద కూచొని ఒక కంది గింజను కుడివైపు పెట్టి నొక్కింది. టక్కుమంది. అమ్మ ముఖంలో ఏమీ కదల్లేదు. ఇంకొకటి నొక్కింది. అదీ టక్కుమంది.

“ఇరుగుతున్నది గని, ఎట్ల ఇరిగిందో తెలుస్తలేదు” అంది.

డాక్టరమ్మ ముందే చెప్పింది. పన్ను ఎముకలో మేకులా దిగి ఉండదట. ఆ సన్నని నారల మీద ఉయ్యాలలా ఆని ఉంటుందట. కొరికేది గట్టిదా మెత్తదా అన్న ఒత్తిడి ముఖ్యంగా తెలిసేది ఆ నారలకేనట. పన్నుతో పాటు అవీ పోయాయి. నేను కొనిపెట్టింది పళ్ళను మాత్రమే.

బాపు మిషన్ కొన్నాడు. గుప్పెడు గింజలు పోసి మీట నొక్కితే అంకె వస్తుంది. అది తప్పు చెప్పదు. ఇప్పుడు నేను కూడా మూడు నెలలకోసారి నా చిగుళ్ళు చూపించుకుంటాను. “ఇవాళ బేరం లేదా?” అని డాక్టరమ్మ నవ్వుతుంది. నాలుక దురదపెడుతుంది, ఊరుకుంటాను.

మరుసటి కందుల కాలంలో నేను చేవెళ్ళలో ఉండగా, షాబాద్ దగ్గరి ఆ రైతే వచ్చాడు. ముసలివాడయ్యాడు. ఆటోలోంచి బస్తాలు దించాక అలవాటుగా అమ్మ వైపు చూశాడు. బాపు ఇంకా మిషన్ మీద గుడ్డ తీయలేదు. అమ్మ గింజ ముట్టకుండానే లేచి కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచింది.

“తాగు అన్నా.”

ఆయన చెంబు అందుకొని, తాగకుండా, అమ్మ ముఖం చూస్తూ నిలబడ్డాడు. “గింజ కొరకకపోతివి సేటమ్మా. ఇవి ఎండినట్టా, ఎండనట్టా?”

“అది మిషన్ చెప్తది. ఈ నీళ్ళు నీ దూపకే” అంది అమ్మ.